మా చెల్లి పంపిన తిరిగే బొమ్మ

బరువులు దించే పని మాది. ఫ్యాక్టరీలోకి పెద్ద మిషన్ పోవాలన్నా, ఆస్పత్రిలోంచి పాతది బయటికి రావాలన్నా మా ముఠాని పిలుస్తారు. గొలుసులు, జాకీలు, ఇనప రోలర్లు, మా భుజాలు. మీసాలు రాకముందు ఈ పనిలోకొచ్చా, ఇప్పుడా మీసాలు నెరిసిపోయాయి. ఇన్నేళ్ళలో నేను మోసినవన్నీ వరసగా నిలబెడితే ఒక వీధి అవుతుంది. కానీ వాటిల్లో ఒక్కదాని లోపల ఏముందో నాకు తెలీదు. బరువెంత, పట్టు ఎక్కడ, తలుపులోంచి పడుతుందా పడదా, ఇంతే మాకు కావాల్సింది. పెట్టెలా చూశాం, పెట్టెలా మోశాం.

ఆ పెట్టె మూత తీసి నాకు చూపించింది మా చెల్లి. దాని గురించే చెప్తున్నా.

చిన్నప్పటి నుంచీ దానికో పిచ్చి ఉంది. ఏ వస్తువు చేతికొచ్చినా తిరగేసి చూడందే కింద పెట్టదు. నీళ్ళున్న గ్లాసు కూడా ఒకసారి అలాగే అడుగు చూడబోయి ఒళ్ళంతా తడుపుకుంది. అగ్గిపెట్టె దొరికితే చాలు, అతుకులు విప్పి నేల మీద పరిచేది, మళ్ళీ మడిచి పెట్టె చేసేది. "వదిలేస్తే ఇల్లు కూడా విప్పేస్తావే నువ్వు" అని అమ్మ మొట్టికాయ వేసేది. నేను అయిదులోనే బడి మానేశా. అది పది దాకా చదివి, అట్టపెట్టెలు చేసే చోట పనికి కుదిరింది. బల్ల మీద చదునుగా పడున్న అట్టని చూసి, మడిస్తే ఏ మూల ఎక్కడికొస్తుందో చెప్పేసేదట. అందరూ ముక్కున వేలేసుకునేవాళ్ళట. ఈ మాట అదే చెప్పింది, కాబట్టి కాస్త తగ్గించుకుని వినాలి.

తర్వాత మా కంపెనీ ఆఫీసులో జిరాక్స్ మిషన్ దగ్గర మనిషి కావాలంటే నేనే అడిగి పెట్టించా. డ్రాయింగులు కాపీలు తీస్తూ తీస్తూ, కంప్యూటర్లో గీసేవాళ్ళ వెనకాల నిలబడి నిలబడి అదీ పట్టేసింది. "ఎవరు నేర్పారే నీకు?" అంటే, "వాళ్ళ వీపులు నేర్పాయి అన్నయ్యా, ముందుకి తిరిగి ఎవరూ చెప్పలేదు" అంది. కొన్నాళ్ళకి జిరాక్స్ మిషన్ దగ్గరకి ఇంకెవరో వచ్చారు, దీనికి కంప్యూటర్ ముందు కుర్చీ వచ్చింది. మా ముఠాలో దాని పేరు బొమ్మలమ్మ.

పెళ్ళి కూడా మా ముఠాలోవాణ్ణే చేసుకుంది. అతణ్ణి మేం తీగ అంటాం. మనిషి అలా ఉంటాడు. ఎవరూ పట్టని సందులోకి అతను దూరిపోతాడు. మిషన్ వెనకాల బోల్టు తియ్యాలన్నా, కింద పాకి గొలుసు తగిలించాలన్నా తీగే. పెళ్ళికి ముందు నేను చెల్లెల్ని కూర్చోబెట్టి చెప్పా, "ఒసేయ్, ఆలోచించుకో, వాడి పని అంత మంచిది కాదు, ఎప్పుడూ బరువు పక్కనే ఉంటాడు" అని. అది ఏమందో తెలుసా? "లోపల ఏముందో చూసొచ్చి చెప్తాడు కదన్నయ్యా!"

మా బావ ఏం చెప్పేవాడు? ఇంటికొచ్చాక అది ఆశగా అడిగేది, "ఇవాళ లోపల ఏముంది?" అని. "చీకటి. గ్రీజు. ఒక బొద్దింక" అనేవాడు. అది తల కొట్టుకునేది.

కానీ పైకి నవ్వినా దాని భయం నాకు తెలుసు. అతను పనికెళ్ళిన రోజు, దించేశాం అని ఫోన్ చేసేదాకా దానికి ముద్ద దిగదు.

అలాంటప్పుడే ఆస్పత్రి పని వచ్చింది. ఆస్పత్రి కింద అంతస్తులో దుప్పట్లు ఉతికే పాత మిషన్ ఉంది. ఇంట్లో ఉండే మిషన్ అనుకోకండి. దాని డ్రమ్ములో నలుగురు కూర్చుని పేకాడుకోవచ్చు. దాన్ని విప్పి బయటికి తేవాలి, కొత్తది దింపాలి. పాత డ్రాయింగులు తెప్పించుకుని, టార్చి పట్టుకుని వెళ్ళి సందుల్లో ఫోటోలు తీసుకుని, మా చెల్లి దానికి బొమ్మ చేసింది. కాగితం మీద గీసే బొమ్మ కాదు. ముట్టుకుంటే కదిలే బొమ్మ.

ఒకరోజు సాయంత్రం వాళ్ళింటికెళ్తే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. "దీన్ని జరుపు అన్నయ్యా" అంది, మౌస్ నా చేతికిచ్చి. జరిపా. మిషన్ తిరిగింది. ఇంత మిషన్, మా ఆరుగురం కలిసి కూడా అంగుళం కదపలేనిది, నా చిటికెన వేలికి తిరిగింది. ఇంకో చోట నొక్కమంది. నొక్కితే పైరేకు పొగమంచులా పల్చబడి మాయమైపోయింది. లోపల డ్రమ్ము. డ్రమ్ము ఊరికే కూర్చుని లేదు, స్ప్రింగుల మీద వేలాడుతోంది, ఉయ్యాల్లో పిల్లలా! ఇన్నాళ్ళూ నేను మోసింది ఇదా? లోపల ఇంత పెద్ద ఉయ్యాల ఊగుతోందా? మళ్ళీ నొక్కితే నీళ్ళు ఎటు వస్తాయి, ఎటు పోతాయి నీలం గీతల్లా పారాయి. ఒక్కో బోల్టు మీద నొక్కితే మా చెల్లి గొంతు వినిపించింది, "ఇది ముందు విప్పకూడదు" అని.

"ఏంటన్నయ్యా, మాట్లాడవు?"

"ఉండవే, చూడనీ" అన్నా. టీ చల్లారి మీగడ కట్టింది. నాకు తెలీలేదు.

ఆ బొమ్మనే అది ఆఫీసు నుంచి మా మేస్త్రీ ఫోన్‌కి పంపింది. పని మొదలెట్టే రోజు పొద్దున నేను కిందకి దిగేసరికి, మిషన్ పక్కన కొక్కేనికి ప్లాస్టిక్ కవర్లో కాగితం వేలాడుతోంది. మా ముఠా పద్ధతి అది. మా చేతులకి ఎప్పుడూ గ్రీజు, గ్లౌజులు, చెమట. పనిలో ఫోన్ ముట్టుకునేది మేస్త్రీ ఒక్కడే. ఆఫీసు నుంచి ఏమొచ్చినా ఆయన ఎదురు షాపులో ప్రింటు తీయించి, కవర్లో పెట్టి, వైరుతో కట్టేస్తాడు. అందరం దాని ముందు నిలబడి చూసుకుంటాం, పనిలోకి దిగుతాం. ఆయన పని నేర్చుకున్న రోజుల నుంచీ అంతే.

చూశా. మిషన్ బొమ్మ, ముందు నుంచి కాస్త ఎడమగా నిలబడి చూస్తే కనిపించేది, అంతే. రేకు రేకులా ఉంది.

"మేస్త్రీ, ఇది తిరగాలి కదా?" అన్నా.

"కాగితం తిరుగుతుందేంట్రా? కావాలంటే నువ్వు తిరుగు దాని చుట్టూ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వా. "అది కాదు, ఫోన్లో చూపించు" అన్నా. ఆయన విసుక్కుంటూ తీశాడు. ఫోన్లోనూ అదే బొమ్మ. జరిపా, కదల్లేదు. గట్టిగా నొక్కా, పెద్దదైంది, అంతే. "మీ చెల్లి బొమ్మ బాగా గీసింది, ఎందుకలా పొడుస్తావు దాన్ని?" అన్నాడాయన.

బావ అప్పటికే కాగితం చూసి లెక్కేసుకుంటున్నాడు. "ఎడమ పక్క వెనకాల చోటు బాగుంది. అక్కడ కూర్చుని డ్రమ్ము కదలకుండా పట్టీలు బిగిస్తా" అన్నాడు. కాగితంలో నిజంగానే ఎడమ వెనక ఖాళీగా, హాయిగా కనిపిస్తోంది. నేను మాత్రం కాగితం మీద వేలు పెట్టి వెతికా. మా చెల్లి గొంతు ఏ బోల్టు దగ్గర ఏమందో గుర్తు రాలేదు గానీ, చెప్పడం మాత్రం చెప్పింది. ఈ కాగితంలో ఆ గొంతు లేదు.

కింద సిగ్నల్ రాదు. మెట్లెక్కి పైకెళ్ళి ఫోన్ చేశా.

"తిరుగుతోందా?" అంది, హలో కూడా అనకుండా.

"లేదే. ఊరికే బొమ్మ ఉంది. మేస్త్రీ ప్రింటు తీసి కట్టాడు."

అది చాలా నెమ్మదిగా, "ఆయన లోపలికి దిగలేదుగా?" అంది.

"ఇంకా లేదు."

"దిగనివ్వకు. వస్తున్నా. నేను వచ్చేదాకా ఆయన్ని పట్టుకుని కూర్చో, కావాలంటే కట్టెయ్యి."

ఆఫీసులో ఎవరికేం చెప్పిందో తెలీదు, బస్సు పట్టుకుని వచ్చేసింది. మెట్లు దిగుతూనే మొగుణ్ణి ఒకసారి పైనుంచి కింద దాకా చూసుకుంది. అతను చేతులు కట్టుకుని రోలర్ మీద కూర్చునున్నాడు. "మీ అన్నయ్య నన్ను కాపలా కాస్తున్నాడు. పారిపోయేవాణ్ణా నేను?" అన్నాడు. అది నవ్వలేదు. "ఫోన్లు ఇవ్వండి అందరూ" అంది.

అప్పుడు మొదలైంది తమాషా. తాను పంపిన ఫైలునే, కింద సిగ్నల్ లేదు కాబట్టి బ్లూటూత్‌లో, ఒక్కొక్కరి ఫోన్లోకి పంపించి తెరిచి చూసింది. మేస్త్రీ ఫోన్లో బొమ్మ ఒక్కటే వచ్చింది. ఒకడి ఫోన్లో బూడిదరంగు డబ్బా వచ్చింది. ఇంకొకడిదాంట్లో ఇంగ్లీషులో ఏదో రాసొచ్చింది, వాడు రోజూ అలాంటివి కొట్టేసి ముందుకు పోతాడట. బావ ఫోన్లో అసలు చోటే లేదు.

"ఏముంది ఇందులో ఇంతగా?"

"కోళ్ళ వీడియోలు" అన్నాడు బావ, తల దించుకుని.

"లోపలున్న మిషన్ చూడ్డానికి చోటు లేదు గానీ, కోళ్ళకుందా?"

నాది అన్నిటికన్నా అధ్వాన్నం. అద్దం సాలెగూడులా పగిలి ఉంటుంది, బటన్ నొక్కితే అది ఆలోచించుకుని పని చేస్తుంది. దాంట్లో ఫైలు తెరుచుకోబోయి ఫోనే ఆరిపోయింది.

మా చెల్లి సబ్బుపొడి డ్రమ్ము మీద కూలబడింది. ఫోన్లన్నీ ఒళ్ళో వరసగా పెట్టుకుని చూస్తోంది. నేను తిడుతుందనుకున్నా. తిట్టలేదు. ఏదో వింత చూసినట్టు చూసింది.

"ఒకటే పంపా అన్నయ్యా. ఇన్ని రకాలుగా చేరింది. ఆఫీసులో అన్ని కంప్యూటర్లలోనూ తిరిగింది. దాన్ని తెరవడానికి వేరే యాప్ ఉండాలి, అక్కడ అందరికీ ఉంది. మీకు లేదు. లేకపోతే ఫోన్ ఊరుకోదు, పైనున్న బొమ్మ ఒక్కటి చూపిస్తుంది. గోడ మీద తలుపు బొమ్మ వేసినట్టు! అసలేం రాకపోయుంటే మీరే అడిగేవాళ్ళు. బొమ్మ వచ్చింది కాబట్టి వచ్చేసిందనుకున్నారు."

మాకు అప్పుడు అర్థమైంది. అందరం మిషన్ వైపు చూశాం.

"బాబాయ్, రేపటి దాకా ఆపు" అంది మేస్త్రీతో.

"ఆపితే ఎలాగమ్మాయ్? పైన దుప్పట్లు గుట్టలుగా పడున్నాయి. పొద్దుట్నుంచీ నర్సులు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. నీ బొమ్మలు లేనప్పుడు మేం మిషన్లు దించలేదా?"

"దించారు. లోపలికి వెళ్ళేది మాత్రం నువ్వు కాదు."

మేస్త్రీకి కోపం వస్తుందనుకున్నా. ఆయన బావ వైపు చూశాడు, తర్వాత కాగితం వైపు. కొక్కెం నుంచి కవరు తీసి చంకలో పెట్టుకున్నాడు. "రేపు మధ్యాహ్నం. అంతకు మించి ఆపలేను" అన్నాడు.

అది లేచి నా దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. "నీ ఫోన్ ఇవ్వు."

"ఎందుకే? అది చచ్చే దశలో ఉంది."

"అందుకే. దీంట్లో తెరుచుకుంటే లోకంలో ఎక్కడైనా తెరుచుకుంటుంది."

మర్నాడు మధ్యాహ్నం లోపే మా చెల్లి వచ్చింది. ఏం చేశావే అంటే నాకర్థమయ్యేలా చెప్పింది. ఈసారి వేరే యాప్ అక్కర్లేదట. ఏ ఫోన్లో అయినా ఇంటర్నెట్ చూడ్డానికి ఒకటి ఉంటుంది కదా, అందులోనే తెరుచుకుంటుందట. బొమ్మలు, గొంతు, అన్నీ ఆ ఒక్క ఫైలులోనే మడిచి పెట్టేసింది, అట్టపెట్టె మడిచినట్టు. కాబట్టి కింద సిగ్నల్ లేకపోయినా పని చేస్తుంది. నా ఫోన్ మొరాయించిన ప్రతిసారీ బొమ్మ బరువు కాస్త తగ్గించిందట. "నీ ఫోన్‌తో వేగడం కన్నా నీతో వేగడం సుఖం అన్నయ్యా" అంది.

పైనే, సిగ్నల్ ఉన్న చోట, అందరి ఫోన్లలోకీ ఎక్కించింది. బావ కోళ్ళని కొన్నిటిని వదులుకున్నాడు. ముందు తెరుచుకునేది మిషన్ కాదు. ఒక్క బోల్టు, ఎర్రది, పెద్దది. దాని కింద తెలుగులో రాసుంది: "వేలితో తిప్పండి. ఊడి వస్తే లోపలికి రండి. ఊడకపోతే మీకు సరిగా చేరలేదు. పని మొదలెట్టకండి, నాకు ఫోన్ చెయ్యండి."

కిందకి దిగాం. మా చెల్లి పైనే ఉండిపోయింది, దుప్పట్ల గుట్టల మధ్య, కుర్చీ కూడా లేకుండా. సన్నటి చోటు, ఎక్కువమంది ఉండకూడదని మా నియమం. అది ఆ నియమం మీరలేదు.

మేస్త్రీ గ్లౌజు చేత్తోనే ఫోన్లోని బోల్టు తిప్పాడు. కదల్లేదు. "ఊడట్లేదురా, ఫోన్ చెయ్యండి" అన్నాడు. "గ్లౌజు తియ్యి మేస్త్రీ" అన్నా. తీశాడు. వేలికి గ్రీజు, అయినా కదల్లేదు. అక్కడే కుళాయి ఉంది, సబ్బుపొడి డ్రమ్ముల నిండా ఉంది. ఆయన మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఆయన్ని చూసి మేం కూడా. పని మొదలెట్టే ముందు చేతులు కడుక్కోవడం మా ముఠాలో అదే మొదలు. పని అయ్యాక కడుక్కుంటాం గానీ, ముందెందుకు?

మేస్త్రీ తుడుచుకున్న వేలితో బోల్టు తిప్పాడు. బోల్టు గిరగిరా తిరిగి ఊడి పడింది. దాని వెనకాల మిషన్ తెరుచుకుంది.

ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోన్, ఒక్కో ఫోన్లో అదే మిషన్. ఎదురుగా నిజం మిషన్, తుప్పు పట్టి, నోరు మూసుకుని. వేళ్ళు జరుగుతున్నాయి, రేకులు పల్చబడుతున్నాయి. నా పగిలిన అద్దంలో కూడా డ్రమ్ము ఊగుతోంది. మా చెల్లి గొంతు ఆ కింద గదిలో అయిదారు చోట్ల నుంచి ఒకేసారి, ఒకదాని వెనక ఒకటి వస్తోంది. మేస్త్రీ ఫోన్‌ని మిషన్ పక్కన పట్టుకుని, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు, అద్దంలో తన మొహం మొదటిసారి చూసుకున్నవాడిలా.

బావ బొమ్మని మెల్లగా వెనక్కి తిప్పాడు. ఆగిపోయాడు.

"బావా, ఇటు రా" అన్నాడు.

డ్రమ్ము వెనకాల ఇనప దిమ్మ ఉంది. గుండ్రంగా తిరిగేటప్పుడు మిషన్ ఎగరకుండా పట్టే బరువు అది. ముందు నుంచి చూస్తే కనపడదు. పక్కన బాణం గుర్తుంది. దాని మీద వేలు పెడితే ముందు వైపు స్ప్రింగులు వదులయ్యాయి, డ్రమ్ము వెనక్కి వాలింది, దిమ్మ ఊగుతూ వచ్చి ఎడమ వెనక మూలలో ఆగింది. సరిగ్గా నిన్న అతను బాగుందన్న చోట.

"మనిషి ఇక్కడ ఉండకూడదు. కుడి వైపు నుంచి రండి. పై పట్టీ ముందు, కింద పట్టీ తర్వాత" అంది మా చెల్లి గొంతు. ఆఫీసు గొంతుతోనే అంది. చివర్లో మాత్రం ఒక మాట ఎక్కువుంది. "మెల్లగా."

అతను దాన్ని మళ్ళీ నొక్కాడు. దిమ్మ మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు. మేస్త్రీ ఆ మూలకెళ్ళి టార్చి వేశాడు. వేసి, నిన్నటి కాగితం కవర్లోంచి తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

బావ కుడి వైపు నుంచి దూరాడు. నేను గొలుసు పట్టుకున్నా. లోపలి నుంచి చెప్తున్నాడు, "పై పట్టీ బిగిసింది... కింది పట్టీ చెయ్యి అందట్లేదు... ఆ, అందింది." తుప్పు పట్టిన బోల్టు కదా, బిగుస్తుందో లేదో. గొలుసు ఇంకో చుట్టు చేతికి చుట్టుకున్నా. బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేస్త్రీ సైగ చేశాడు, ముందు వైపు స్ప్రింగులు వదిలాం.

డ్రమ్ము ఒక్కసారి పెద్ద నిట్టూర్పులా శబ్దం చేసి వెనక్కి వాలింది. కింది పట్టీ కీచుమని జానెడు జారింది. దిమ్మ ఆ ఎడమ మూల వైపు ఊగింది, పై పట్టీ పట్టుకుంది, ఆగిపోయింది. ఫోన్లో ఎలా ఊగిందో అచ్చం అలాగే. ఆ మూలలో సబ్బునీళ్ళ పాత డబ్బా ఒకటుంటే అది కాగితంలా నలిగింది.

మేం మిషన్‌ని చూస్తూ ఉండిపోయాం. భయం తర్వాతొచ్చింది. ముందొచ్చింది ఆశ్చర్యం. జరగబోయేదాన్ని మా చెల్లి ముందే మా చేతుల్లో పెట్టింది కదా అని.

బావ అందరికన్నా ముందు మెట్లెక్కాడు. వెనకాలే నేను. అది దుప్పట్ల గుట్టకి ఆనుకుని, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడి ఉంది. ఏమీ కాలేదు కదా అని అడుగుతుందనుకున్నా.

"తిరిగిందా?" అంది.

"తిరిగింది" అన్నాడు బావ. తల మీద దుమ్ము దులుపుకుంటూ, "ఈసారి బొద్దింక కనపడలేదు. మిగతావన్నీ కనిపించాయి. కూర్చో, చెప్తా" అన్నాడు.

ఆ మాట కోసం అది పెళ్ళయినప్పటి నుంచీ చూస్తోంది. అక్కడే దుప్పట్ల మీద కూర్చుంది. అతను స్ప్రింగుల దగ్గర్నుంచి మొదలెట్టాడు. దానికన్నీ తెలుసు, అదే చేసింది కదా. అయినా ఏదీ తెలీనట్టు నోరు తెరుచుకుని వింది, కళ్ళు తుడుచుకుంటూ.

నేను మళ్ళీ కిందకి దిగా. మేస్త్రీ సబ్బుపొడి డ్రమ్ము మీద కూర్చునున్నాడు. ఫోన్ మోకాలి మీద పెట్టుకుని, కడిగిన వేలితో మిషన్‌ని అటు తిప్పుతున్నాడు, ఇటు తిప్పుతున్నాడు. నన్ను చూసి తలెత్తాడు.

"ఒరేయ్, మనం ఇంతకుముందు మోసినవాటికి కూడా ఇలా చెయ్యగలదా మీ చెల్లి?"

"అవన్నీ ఎప్పుడో దించేశాంగా మేస్త్రీ. ఇప్పుడెందుకు?"

"ఎందుకూ లేదు" అన్నాడు. వేలు ఆగింది. "ఏం మోశానో చూద్దామని."